సభికుని వాటా



నిన్నటి ప్రసంగమునందు ద్యూతసభా ఘట్టము ముగిసిన పిమ్మట ఒక యువకుడు లేచి ఒక ప్రశ్న వేసెను. శకుని కపటము వలన ధర్మరాజు ఓడెను గాని నేటి కాసినోలలో అట్టి కపటమునకు తావు లేదు గదా, ప్రభుత్వపు లైసెన్సు, తనిఖీ, పైకప్పు నిండ కెమెరాలు ఉండగా అక్కడ ఆడువానికి భయమేమి అని ఆ ప్రశ్న. ఆతడు హైదరాబాదులో ఉద్యోగి. మిత్రులతో గూడి గోవాకు పోవు ప్రయత్నములో ఉన్నట్లు మాటలలో తెలిసినది. సూటిగా అడిగినవానికి సూటిగానే సమాధానము చెప్పవలెను. కనుక నేడు కథను కొంత ప్రక్కన ఉంచి, కాసినో అనునది ఏ లెక్కమీద నడచునో చెప్పుకొందము.

ముందుగా ఒక మాట. ఆ యువకుడు చెప్పినది నిజమే. పేరున్న కాసినోలో పాచికను అరగదీయరు, చక్రమును వంచరు, పేకముక్కను దాచరు. ముక్కలు పంచు డీలరు బల్ల విడిచి లేచునప్పుడు రెండు చేతులును చరచి, అరచేతులు త్రిప్పి చూపి గాని కదలరాదు. ఆ చూపుట ఆటగాని కొరకు కాదు, పైనున్న కెమెరా కొరకు. మోసము చేయవలసిన అవసరమే ఆ ఇంటికి లేదు. శకుని పాచికలు తండ్రి ఎముకలతో చేసినవని మనవారు చెప్పుకొను కథ వ్యాసభారతములో లేదు. ఆతడు కపటి యని వ్యాసులవారు చెప్పిరి, నిజమే. కాని అంతకు మించి ఆతడు అక్షవిద్య తెలిసినవాడు, ధర్మరాజు తెలియనివాడు. కాసినో శకునినుండి ఆ విద్యను మాత్రము తీసికొని, కపటమును విడిచిపెట్టినది. కపటము లేని ఆటలో ఆ ఇంటికి లాభము ఎట్లు వచ్చును? అసలు ప్రశ్న ఇది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రాంతపు రైతు ఒకడు భార్యతో గూడ మా యింటికి వచ్చి, గోవా ప్రయాణమునకు తారాబలము చూడుమని కోరెను. "శాస్త్రిగారూ, రెండుసార్లు పోయాను, రెండుసార్లూ గెలిచాను. ఈసారి ఎకరం బేరం పెట్టాను. ఆ సొమ్ముతో పోదామని. మంచి గంట చూసి చెప్పండి, చాలు" అనెను. "ఏ ఆట నాయనా?" అని అడిగితిని. "చక్రం ఆటండీ, గోలీ తిరుగుతుంది" అనెను. అది రౌలెట్ అను ఆట. ఆ చక్రముమీద 1 మొదలు 36 వరకు అంకెలును, వానితోబాటు ఒక సున్నయు ఉండును. మొత్తము 37 గళ్లు. నీవు ఒక అంకెమీద ఒక రూపాయి పెట్టినచో, గోలీ అందులో ఆగినప్పుడు నీ రూపాయి నీకిచ్చి, దానిపై 35 రూపాయలు ఇత్తురు. అనగా చేతికి 36 వచ్చును.

లోపలినుండి చింతపిక్కలు తెప్పించి 37 లెక్కపెట్టి ఆతని ముందు పోసితిని. "ఒక్క అంకెమీద గాక అన్నింటిమీద ఒక్కొక్క పిక్క పెట్టు నాయనా. ఇక నీకు ఓటమి లేదు. గోలీ ఎక్కడ ఆగినా అది నీ అంకెయే" అంటిని. పెట్టెను. గోలీ ఏదో గడిలో ఆగినదనుకొని 36 పిక్కలు ఆతనికి తిరిగి యిచ్చి, ఒకటి నా ప్రక్కన ఉంచుకొంటిని. ఆతడు నవ్వి, "పోయింది ఒక్కటేగా శాస్త్రిగారూ" అనెను. అట్టి చక్రము గంటకు సుమారు 40 మార్లు తిరుగునని లెక్క వేసి చూపితిని. 37 వేల రూపాయలతో మొదలిడి, ప్రతిమారును చేతనున్నదంతయు అన్ని అంకెలమీదను సమముగా పరచుచు పోయినచో, ఒక గంట గడచునప్పటికి చేతిలో 12 వేల చిల్లర మిగులును. నాలుగు గంటలకు అయిదువందలైనను మిగులవు. ఇందులో దురదృష్టము ఎక్కడ నున్నది? గ్రహముల దోషము ఎక్కడ నున్నది? ప్రతిమారును గెలిచినవాడే ఆ దశకు వచ్చెను. ఆతని భార్య, అప్పటివరకు గడప దగ్గర మౌనముగా కూర్చున్నది, లేచి వచ్చి నా ప్రక్కనున్న ఆ ఒక్క పిక్కను తీసి భర్త చేతిలో పెట్టినది. తారాబలము నేను చూడలేదు.

ఈ లెక్కలో ఒక సూక్ష్మము గలదు, దానిని చాలమంది గమనింపరు. ఓడినవాని సొమ్ముతో కాసినో బ్రతుకునని లోకము అనుకొనును. ఓడినవాని సొమ్ము చాలవరకు గెలిచినవానికే పోవును. కాసినో తన పాలు తీసికొనునది గెలిచినవాని దగ్గర. 37 గళ్లలో ఒకదానిపై గెలిచినవానికి న్యాయముగా రావలసినది 36 రూపాయల లాభము, ఇచ్చునది 35. ఎరుపు నలుపులమీద పందెము కాచినను అంతే. ఎరుపు 18, నలుపు 18, సున్న ఏ రంగునకును చెందదు. గెలిచినవాడు సంతోషములో ఉండును గనుక తనకు ఒక రూపాయి తక్కువ వచ్చినదని తగవు పెట్టుకొనడు. దొంగతనమునకు గురియైనవాడు కేకవేయును. తక్కువ బహుమానము పొందినవాడు నమస్కారము చేసి డీలరునకు ఈనాము గూడ ఇచ్చిపోవును.

ఇది క్రొత్త సంగతి కాదు. మన ధర్మశాస్త్రములందు జూదపుటింటి యజమానికి సభికుడని పేరు. వంద పణములకు తక్కువ గాని పందెములలో గెలిచినవానినుండి నూటికి అయిదు, తక్కినవానినుండి నూటికి పది సభికుడు తీసికొనవచ్చునని యాజ్ఞవల్క్యస్మృతి వ్యవస్థ. కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుడని ఒక ఉద్యోగినే నియమించి, గెలిచినవాని సొమ్ములో నూటికి అయిదును, పాచికలకు అద్దెను, నీటికిని స్థలమునకును రుసుమును వసూలు చేయించెను. పాచికలు మార్చినవానికి 12 పణముల దండనము. ఇప్పుడు చూడుడు, నేడు మకావు నగరమునందు కోటానుకోట్ల డాలర్లు చేతులు మారు బకరా అను పేకాటలో, బ్యాంకరు పక్షమున కాచి గెలిచినవానినుండి ఆ ఇల్లు తీసికొను కమీషను నూటికి అయిదే. రెండువేల యేండ్ల నాటి పంచకశతము అట్లే నిలిచి ఉన్నది. భేదమొక్కటి గలదు. పూర్వపు సభికుడు ఆటలో దిగడు. ఇద్దరు ఆడుకొనగా ఒడ్డున కూర్చుండి తన పాలు తీసికొనును. నేటి కాసినో పోకరు వంటి ఒకటి రెండు ఆటలందు మాత్రమే అట్లు ఉండును. తక్కిన వానియందు తానే ఎదుటి పక్షమై కూర్చుండును, తన వాటాను ఆట నియమములోనే కలిపివేసి ఉంచును. కనుకనే అది కనబడదు.

ఆ వాటా ఎంత యందురా? ఒక సున్న ఉన్న రౌలెట్టులో పందెమునందు నూటికి 2.7. అమెరికాలో రెండు సున్నల చక్రము వాడుదురు, అక్కడ నూటికి 5.26. బకరాలో కమీషను పోగా బ్యాంకరు పందెముపై నూటికి ఒకటికి కొంచెము పైన. అదే బల్లమీద ఇరుపక్షములును సమమగునని కాచు పందెముపై నూటికి 14. బ్లాక్‌జాక్ అను ఆటలో, నియమములన్నియు కంఠస్థము చేసి తప్పు లేకుండ ఆడువానిపై నూటికి అర మాత్రమే. అట్లు ఆడువారు అరుదు.

నూటికి రెండు మూడు పాళ్లతో అన్ని అంతస్తుల భవనములు ఎట్లు లేచినవని సందేహము కలుగును. సమాధానము ఆవృత్తి. వేదపాఠమును నూరు మార్లు వల్లించినవానికి అది నిలుచునట్లు, పందెమును లక్ష మార్లు త్రిప్పినవానికి శాతము నిలుచును. ఒక మారు గోలీ ఎక్కడ పడునో బ్రహ్మకును తెలియదు. పదిలక్షల మార్లలో ఎన్ని మార్లు ఎక్కడ పడునో గుమాస్తాకు తెలియును. ఈ సూత్రమును యాకోబ్ బెర్నూలీ అను స్విస్ గణితజ్ఞుడు నిరూపించెను. ఆ గ్రంథము ఆతని మరణానంతరము 1713లో అచ్చయినది. ఆటగాడు ఆడునది ఒక రాత్రి. ఇల్లు ఆడునది సంవత్సరములు, వేలమందితో. ఒక రాత్రి ఒక ధనికుడు ఆ ఇంటిని ఓడించి పోయినను అది ఖర్చుల పద్దులో ఒకటి. రేపు ఆతడు మరల వచ్చును.

వాటా ఏమియు లేని ఆటనే అనుకొందము. నీ దగ్గర పది నాణెములు, ఎదుటివాని దగ్గర 990. బొమ్మా బొరుసా, ఒక్కొక్క నాణెము పందెము, ఒకరి మూట ఖాళీ అగువరకు ఆట. న్యాయమైన ఆటయే. అయినను నీవు మిగులు అవకాశము నూటికి ఒకటి. చిన్న మూట ముందు ఖాళీ అగును, అంతే. కాసినోకు వాటాయు ఉన్నది, పెద్ద మూటయు ఉన్నది.

కనుక ఆ ఇంటి ప్రయత్నమంతయు ఆటగాని కాలమును పొడిగించుటయందే ఉండును. గోడకు గడియారముండదు, కిటికీ ఉండదు. పగలో రాత్రియో తెలియదు. రూపాయలకు మారుగా రంగురంగుల చిప్పులిత్తురు. అయిదువందల నోటును పందెమున పెట్టుటకు చేయి సంకోచించును గాని బిళ్లను పెట్టుటకు సంకోచింపదు. ధృతరాష్ట్రుడు ద్యూతమునకై కట్టించిన సభకు వేయి స్తంభములు, నూరు ద్వారములు, స్ఫటిక తోరణములు అని సభాపర్వము చెప్పుచున్నది. పాచికలాడుటకు చాప చాలును గదా, అంత సభ యేల? లోనికి వచ్చినవాడు తన ఇంటిని మరచుటకు. కౌటిల్యుని నాటి సభలో నీటికి గూడ రుసుము చెల్లింపవలెను. కాసినోవాడు పలుచోట్ల మద్యమునే ఉచితముగా పోయును. ఎవడు ఎక్కువ తీసికొనునో మీరే ఊహింపుడు.

ఆ ఔదార్యము గూడ లెక్కలోనిదే. ఒక్కొక్క ఆటగానికి ఒక కార్డు ఇచ్చి, ఆతడు సగటున ఎంత కాయుచున్నాడు, గంటకు ఎన్ని మార్లు, ఎన్ని గంటలు అని వ్రాసికొందురు. వేయి రూపాయల చొప్పున గంటకు 40 మార్లు నాలుగు గంటలు రౌలెట్టు ఆడినవాడు మొత్తము 1,60,000 రూపాయల పందెము కాచినట్లు. అందులో 37వ భాగము, అనగా 4,300కు పైగా, ఆతనిపై సగటున ఆ ఇంటికి రావలసిన సొమ్ము. ఆ రాత్రి ఆతడు గెలిచెనా ఓడెనా అనునది వారికి ముఖ్యము కాదు. ఆ 4,300లో కొంత భాగమును గదిగా, భోజనముగా, విమానపు టిక్కెట్టుగా తిరిగి యిత్తురు. "మమ్మల్ని అల్లుళ్లలాగా చూశారండీ" అని మనవారు వచ్చి చెప్పుదురు. కట్నము తామే యిచ్చిన అల్లుళ్లు!

యంత్రముల సంగతి వేరుగా చెప్పవలెను, ఏలనన నేడు అమెరికాలోని నెవాడా రాష్ట్రపు కాసినోల రాబడిలో సుమారు మూడింట రెండు పాళ్లు ఈ స్లాట్ మిషన్లనుండియే. 1890ల ప్రాంతములో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అను వాడు చేసిన యంత్రమునందు మూడు చక్రములు నిజముగా తిరిగి నిజముగా ఆగెడివి. 1984లో ఇంగే టెల్నెస్ అను ఆయన పేటెంటు పొందిన విధానముతో ఆ సంబంధము తెగినది. లోపల కంప్యూటరు ఒక సంఖ్యను తీయును. చక్రము ఆ సంఖ్య చెప్పినచోట ఆగును. కంటికి చక్రముమీద ఇరువది బొమ్మలు కనబడవచ్చును, లోపలి లెక్కలో అవి అరువదియో అంతకు మించియో కావచ్చును. పెద్ద బహుమానపు బొమ్మకు అందులో ఒక్క సంఖ్య ఇచ్చి, దాని ప్రక్కనున్న ఖాళీలకు ఎక్కువ సంఖ్యలు ఇచ్చినచో, ఆటగానికి మాటిమాటికి "అయ్యో, ఒక్క గడిలో తప్పిపోయెను" అనిపించును. తప్పిపోవుట కాదది, అట్లు అమర్చుట. ఇట్టి యంత్రము పందెముగా తీసికొన్నదానిలో నూటికి 75 అయినను సగటున తిరిగి ఈయవలెనని నెవాడా నియమము. వాస్తవముగా అంతకన్న ఎక్కువయే ఇత్తురు, ఏలనన వేగము వారి పక్షమున ఉన్నది. గంటకు వందల మార్లు మీట నొక్కవచ్చును. నటాషా షూల్ అను ఆచార్యురాలు లాస్‌వేగాస్‌లో ఏండ్ల తరబడి పరిశీలించి 2012లో ఒక గ్రంథము ప్రకటించెను. తాము గెలుచుటకు గాక ఆ యంత్రము ముందు లోకమును మరచి ఉండుటకే ఆడుచున్నామని ఆమెతో ఆటగాండ్రు చెప్పిరట.

ఋగ్వేదము పదవ మండలమునందు జూదరి సూక్తమొకటి గలదు. అందులో పాచికలు తానికాయలు, త్రిఫలలో వైద్యులు వాడు కాయయే. ఆ జూదరి ఎవ్వరిని మోసగాడని నిందింపడు. భార్య విడిచినది, అప్పులవాడైనాడు, ఇక పోనని నిశ్చయించుకొనును; అంతలో పాచికల చప్పుడు చెవిని పడును, కాళ్లు అటే నడచును. ఆ చప్పుడును నేడు జీతమిచ్చి స్వరకర్తలచేత చేయించుచున్నారు.

"లెక్క వారికే తెలియునా, మేము గూడ ఉపాయము పన్నరాదా" అని అడుగువారు ఉందురు. ప్రసిద్ధమైన ఉపాయము రెట్టింపు. వంద కాచి ఓడితే రెండువందలు, అది ఓడితే నాలుగువందలు. ఎప్పుడో ఒకమారు గెలిచినచో పోయినదంతయు వచ్చి వంద మిగులును. వరుసగా ఎనిమిది మార్లు ఓడినవాడు 25,500 పోగొట్టుకొని, వంద లాభమునకై 25,600 కాయవలెను. అప్పటికి బల్లమీద వ్రాసియున్న గరిష్ఠ పరిమితి అడ్డు వచ్చును. ఆ పలక అక్కడ ఉండుట ఇందుకే. చాల మార్లు నలుపు వచ్చినది గనుక ఇక ఎరుపు రాకతప్పదని నమ్మువారు మరికొందరు. 1913 ఆగస్టు 18న మాంటీకార్లోలో వరుసగా 26 మార్లు నలుపే వచ్చినది. ఎరుపుమీద కాచుచు పోయినవారు ఆ రాత్రి చితికిపోయిరి. చక్రమునకు జ్ఞాపకము లేదు.

నిజమైన ఉపాయము కనుగొన్నవాడు ఒకడు గలడు. ఎడ్వర్డ్ థార్ప్ అను అమెరికా గణితాచార్యుడు 1962లో ఒక పుస్తకము వ్రాసి, బ్లాక్‌జాక్‌లో పడిన ముక్కలను లెక్కించుకొనుచు మిగిలిన ముక్కలను బట్టి పందెము పెంచినచో వాటా ఆటగాని వైపు మొగ్గునని చూపెను. అప్పుడు కాసినోలు ఏమి చేసినవి? ఒక పేకకు బదులు ఆరు, ఎనిమిది పేకలు కలిపినవి. లెక్కించువాడని అనుమానము కలిగినవానిని బయటికి పంపినవి. లెక్క తెలియనివానికి ఉచిత భోజనము, తెలిసినవానికి ద్వారము. ఆ యువకుని ప్రశ్నకు ఇంతకన్న సూటియైన సమాధానము నేను చెప్పలేను.

ఇక రాజుల మాట. మనువు జూదమును, ప్రాణులతో కాయు సమాహ్వయమును రాజ్యములోనే ఉండనీయరాదనెను. సంక్రాంతికి గోదావరి జిల్లాలలో బరులు కట్టువారు ఈ రెండవ మాటను గుర్తింపవలెను. కౌటిల్యుడు ఒకచోటనే ఆడనిచ్చి పన్ను తీయుమనెను, దొంగలను గూఢచారులను పట్టుటకు గూడ అది వీలని. లోకములోని ప్రభుత్వములు చాలవరకు కౌటిల్యునివైపే పోయినవి. మొనాకో రాజు కాసినో రాబడితో 1869లో తన ప్రజలకు పన్నులు తీసివేసెను. ఆర్థికమాంద్యములో 1931న నెవాడా తలుపులు తెరచినది. మకావు 2006లో లాస్‌వేగాస్‌ను దాటి, 2013లో సుమారు 4,500 కోట్ల డాలర్ల జూదపు రాబడి చూచినది. మన దేశములో గోవా 1992లో నక్షత్ర హోటళ్లలో యంత్రములకును, 1996లో నీటిమీది ఓడలకును అనుమతించు సవరణలు చేసినది. నేడు పణజిలో మాండవీ నదిపై నిలిచియున్నవి ఆ ఓడలే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములందు కాసినోలకు అనుమతి లేదు. సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారములో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ నేర్పుతో కూడిన ఆటయే గాని ఇంటి యజమాని ఆ ఆటనుండి లాభము తీయుచున్నట్లు రుజువైనచో నేరమగునని చెప్పినది. తీర్పు వ్రాసినవారి దృష్టి ఆటగానిమీద కన్న సభికునిమీద నిలిచినదని గమనింపుడు.

ఇప్పుడు మన దేశపు కాసినోలో చిప్పులు కొన్న సొమ్ముమీద 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 40 చొప్పున జి.ఎస్.టి. నిర్ణయింపబడినది; అంతకుముందు 2023 అక్టోబరునుండి 28. గెలిచిన సొమ్ముమీద 30 శాతము ఆదాయపు పన్ను, ఓడినదానిని అందులో తీసివేసికొనుటకు వీలులేదు. మరల గెలిచినవానినే పట్టుట! సింగపూరు మరొక మార్గము త్రొక్కినది. 2010లో రెండు కాసినోలు తెరచి, తన పౌరుడు లోనికి పోవలెనన్నచో ప్రవేశ రుసుము పెట్టినది. 2019 నుండి అది ఒక దినమునకు 150 సింగపూరు డాలర్లు. భార్యయో, తల్లియో దరఖాస్తు పెట్టి విచారణ జరిపించి తమవానిని లోనికి రానీయకుండ ఉత్తర్వు పొందవచ్చును. ఆ రైతు భార్యకు మన దేశములో ఒక చింతపిక్క తప్ప మరి యే సాధనము ఉన్నది?

ఆ యువకుడు ఇక్కడ ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నచో నలుని కథలోని ఒక భాగము ఆతనికై చెప్పి ముగింతును. పుష్కరునితో నెలల తరబడి ఆడి సర్వము పోగొట్టుకొన్న నలుడు, బాహుకుడను పేరుతో ఋతుపర్ణునికి సారథియై పోవుచుండగా, త్రోవలో ఒక తాని చెట్టు కనబడినది. దాని కొమ్మలయందు ఆకులెన్ని, కాయలెన్ని అని ఋతుపర్ణుడు రథము నుండియే చెప్పెను. నలుడు నమ్మక రథమాపి, చెట్టును కూల్చి లెక్కించెను. సరిపోయినది. తన అశ్వవిద్యను ఇచ్చి ఆ సంఖ్యావిద్యను, దానితోబాటు అక్షహృదయమును పొందెను. వెంటనే కలి ఆతని దేహమును విడిచిపోయెనని వ్యాసులవారు చెప్పుదురు. ఆ తరువాత నలుడు నిషధకు పోయి పుష్కరుని మరల ఆటకు పిలిచెను. ఈ మారు నెలలు ఆడలేదు. ఒకే పందెము. రాజ్యము గెలిచినంతనే పాచికలు ప్రక్కన పెట్టి, పుష్కరునికి ఆతని భాగము ఆతనికి తిరిగి యిచ్చి, ఆదరించి, ఆతని పురమునకు పంపివేసెను.